కెమెరా వైపు చూసినవాళ్ళు

పాత ఫిల్ములు బాగుచేసే పనిలోకి వస్తున్న తెలుగు పిల్లలు ఒకరిద్దరు ఈ మధ్య నాకు ఫోన్ చేశారు. ఇక్కడికి మాస్టర్స్ చేయడానికి వచ్చి, అందరిలా కోడింగ్‌లోకి పోకుండా ఈ దారి పట్టినందుకు ముందు వాళ్ళను మెచ్చుకోవాలి. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ స్కానర్ మంచిది అని అడిగారు. ఆ సంగతులు నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది వేరే ఉంది.

ఈ దేశంలో పన్నెండేళ్ళకు పైగా ఈ పని చేసి నిరుడు రిటైరయ్యాను. వీడ్కోలు పార్టీలో నా గురించి చాలా మంచి మాటలు చెప్పారు. "ఈయన చేతిలో ఒక్క ఫ్రేము కూడా పోలేదు" అన్నది వాటిలో ఒకటి. కేకు ముక్క చేత్తో పట్టుకుని తల వంచుకుని విన్నాను. అందరూ అది వినయం అనుకున్నారు.

మద్రాసులో అలవాటైన చెయ్యి

నేను మొదట నెగటివ్ కటర్‌ని. మద్రాసులో ఒక ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు తెలుగు సినిమాల నెగటివ్‌లు కోసి అతికించాను. ఎడిటర్ గుర్తు పెట్టిన చోట కొయ్యడం, ముక్కకూ ముక్కకూ అతుకు వెయ్యడం, అంతే. చెప్పుకోవడానికి చిన్న పని. ఒక్క కోత తప్పు పడితే మాత్రం నిర్మాత ల్యాబ్ ముందు కూర్చుని ఏడ్చేవాడు.

నాకు పని నేర్పింది రంగయ్య గారు. ఆయన పాఠాల్లో మొదటిది కెమెరా లుక్. ఔట్‌డోర్ షూటింగులో జనం మూగుతారు కదా, హీరో బజార్లో నడుస్తుంటే వెనకాల కొబ్బరిబోండాలవాడు నోరు తెరుచుకుని కెమెరా వంక చూస్తుంటాడు. ఆ ముక్క ఎన్‌జీ, అంటే పనికిరానిది. "కెమెరాని చూసినవాడు సీను చెడగొట్టినవాడే. వాడు రాజుగారి తమ్ముడైనా సరే, కోసెయ్యి," అనేవారాయన. ఎడిటర్ చూసుకోకుండా వదిలేసిన చూపుల్ని కూడా మేము పట్టుకుని అడిగేవాళ్ళం. అందుకు మాకు మంచి పేరు ఉండేది.

అలా ఇరవై రెండేళ్ళలో నేను కోసి పారేసిన చూపులకు లెక్కలేదు. చివరికి, ఫ్రేములో ఎవరైనా ఇటు చూశారంటే నన్ను అడగకుండానే నా చెయ్యి కత్తెర మీదికి పోయేది. రంగయ్య గారిని తప్పు పట్టను. ఆ పనికి అది సరైన పాఠమే. పని మారినప్పుడు పాఠం కూడా మారాలని తెలుసుకోకపోవడం నా బుద్ధితక్కువ.

పార్సిప్పనీ, డొరతీ

మా ఆవిడ సరళ నర్సు. రెండువేల ఒకటిలో ఆమెకు న్యూజెర్సీలో ఉద్యోగం వస్తే ఆమె వెంట నేనూ వచ్చాను. పార్సిప్పనీలో మా అపార్ట్‌మెంట్ల నిండా సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్లే. పార్కింగ్ లాట్‌లో ఎదురైన ప్రతివాళ్ళూ మీది ఏ టెక్నాలజీ అని అడిగేవాళ్ళు. ఫిల్మ్ అని చెప్పేవాణ్ణి. పై అంతస్తు అతనికి నామీద జాలి వేసింది. "అంకుల్, క్యూఏలోకి వచ్చేయండి. మా ఫ్రెండ్ ట్రైనింగ్ ఇస్తున్నాడు. టెస్టింగ్ అంటే ఏం లేదు, వేరేవాళ్ళు చేసిన తప్పులు పట్టుకోవడమే," అన్నాడు. వేరేవాళ్ళ తప్పులు పట్టుకోవడంలో నాకు మంచి అనుభవమే ఉందని చెప్పి తప్పించుకున్నాను.

మా ఇంటికి అరగంట డ్రైవ్‌లో ఒక చిన్న ఫిల్మ్ ఆర్కైవ్ ఉండేది. పాత ఫిల్ములు సేకరించి, బాగుచేసి, భద్రపరిచే చోటు. మరుసటి ఏడు చేతిపని తెలిసిన మనిషి కావాలని వాళ్ళు చూస్తుంటే వెళ్ళాను. అక్కడ నా బాస్ డొరతీ, అరవైకి దగ్గరపడ్డ గట్టి మనిషి. నేను వేసిన అతుకును భూతద్దంలో చూసి, ఇంకేమీ అడక్కుండా ఉద్యోగం ఇచ్చింది. మొదటిరోజే ఒక్క నియమం చెప్పింది. ఇక్కడ మనం సినిమాను అందంగా చేయం, ఉన్నది ఉన్నట్టు నిలబెడతాం. ఏదైనా తీసేయక తప్పకపోతే ఏం తీశావో, ఎందుకు తీశావో తనిఖీ షీటులో రాయాలి. నేను తల ఊపాను. తల ఊపడం నాకు వెన్నతో పెట్టిన విద్య.

డొరతీలో ఒకటే లోపం. నమ్మితే పూర్తిగా నమ్ముతుంది. ఏడాదిపాటు నా షీట్లన్నీ ఫిల్ముతో సరిచూసి, ఆ తర్వాత చూడటం మానేసింది. ఆ లోపాన్ని వాడుకున్నది నేనే కాబట్టి ఆమెను ఇంతకంటే అనడానికి నాకు నోరు లేదు.

ఓడ ఇంజనీరు డబ్బాలు

రెండువేల ఐదులో ఒకావిడ తుప్పుపట్టిన ఆరు డబ్బాలు తెచ్చి ఇచ్చింది. వాళ్ళ తాత సరుకు ఓడలో ఇంజనీరట. ఎనభై ఏళ్ళ కిందట ఓడ కొరియాలో ఆగినప్పుడు, చేత్తో తిప్పే కెమెరాతో సరదాకి తీశాడట. మూకీ ఫిల్ము. మాటా లేదు, మధ్యలో రాతా లేదు. పైగా నైట్రేట్, అంటే ఇట్టే అంటుకునే పాతకాలపు సరుకు. వయసు మీదపడితే జిగురు కారి, చివరికి గోధుమరంగు పొడి అయిపోతుంది.

అలాంటివి చాలా చూశాను గానీ వీటిని చూస్తే నాకే ముచ్చటేసింది. సియోల్ నగరంలో ట్రామ్ బండి, దాని పక్కన నడుస్తున్న తెల్లబట్టల జనం. ఇన్చోన్ రేవులో ఆటుకు నీళ్ళు తీసేస్తే బురదలో ఒరిగి కూర్చున్న పడవలు. కొయ్య చట్రాన్ని వీపుకు తగిలించుకుని ధాన్యం బస్తాలు మోస్తున్న కూలీలు. ఆ చట్రాన్ని జిగె అంటారని తర్వాత తెలిసింది. కూలీ చేతిలో ఒక కర్ర ఉంటుంది, నడిచేటప్పుడు ఊతకు, చట్రం దించినప్పుడు దానికి ఆసరాకు.

మూడో డబ్బాలో ఫిల్మును ఎవరో ఎప్పుడో తిరగేసి అతికించారు. నేను మొదట కనిపెట్టలేదు. దుకాణాల బోర్డుల మీద అక్షరాలు ఎటునుంచి చూసినా నాకు ఒకటే కదా. ఎందుకో అనుమానం వచ్చి, ఒక ఫ్రేము ప్రింటు తీసి కొరియన్ కిరాణా కొట్టుకు పట్టుకెళ్ళాను. కొట్టాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, కిటికీ వెలుగుకు పెట్టి, వెనకనుంచి చదివి నవ్వాడు. డొరతీ ఈ సంగతి మూడు నెలలపాటు అందరికీ చెప్పింది. నా జాగ్రత్తకు నేనూ పొంగిపోయాను. సరిగ్గా ఆ పొంగులోనే నాలుగో డబ్బా తెరిచాను.

నూట అరవై అడుగులు

నాలుగో డబ్బా అంతా రేవు. ఇంజనీరు మూడుకాళ్ళ స్టాండు రేవుగట్టు మీద పెట్టినట్టున్నాడు, జనం మూగారు. నెత్తిన బుట్టతో ఒకామె ఆగి చూసింది. ముసలాయన ఒకాయన చుట్ట నోట్లో పెట్టుకుని లెన్సు దగ్గరికే వచ్చేశాడు. ఇద్దరు ముగ్గురు నవ్వుతూ ఒకళ్ళనొకళ్ళు తోసుకున్నారు.

ఒక కూలీ బరువుతో నడిచివచ్చి, ఫ్రేము మధ్యలో ఆగి, కర్ర ఊతగా పట్టుకుని కెమెరా వంక చూస్తూ నిలబడిపోయాడు. వెనకాల ఓడ కనబడకుండా అడ్డం. కదలడు. నాకు నిజంగానే కోపం వచ్చింది. రివైండర్ మీద ఫిల్ము తిప్పుతున్నాను, వాడు నిలబడే ఉన్నాడు. చిట్టచివర ఫ్రేము అంచునుంచి ఎవరిదో చెయ్యీ, ఎత్తిన కర్రా కనబడ్డాయి, అక్కడితో ఆ షాటు ఆగిపోయింది. దీని తోకా సరిగ్గా లేదు అనుకున్నాను. మా మద్రాసు పద్ధతిలో చేతులు చాచి కొలిచాను. ఐదు బారలు, అంటే ముప్ఫై అడుగులు.

ఆ భాగంలో ఫిల్ము అంచులు కొంచెం జిగురెక్కాయి, పక్క రంధ్రాలు చిరిగాయి. బాగుచేయడానికి నాలుగైదు రోజులు పడుతుంది. వచ్చే శనివారం కొరియన్ కమ్యూనిటీ హాల్లో ప్రదర్శన ఒప్పుకుని ఉన్నాం. ఇవన్నీ నేను తర్వాత నాకు చెప్పుకున్న సాకులు. అసలు సంగతి, వాళ్ళు కెమెరా వంక చూస్తున్నారు, నా దృష్టిలో అది ఎన్‌జీ. రేవు ఎంత బాగుంది, వీళ్ళు అడ్డం వచ్చి పాడుచేశారు అనుకున్నాను. చూసిన ప్రతివాళ్ళనూ కోసేశాను. మిగిలింది చక్కగా అతికించాను. ఎవరి పని వాళ్ళు చేసుకుపోతున్న అందమైన రేవు తయారైంది.

నైట్రేట్ ముక్కలకు నిప్పంటుకోకుండా మా దగ్గర ఒక నీళ్ళ డ్రమ్ము ఉండేది. అందులో వేస్తే నెలకోసారి లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి పట్టుకుపోయి తగలబెడతారు. కోసినవన్నీ అందులో వేశాను. తనిఖీ షీటులో ఇలా రాశాను: "బాగుచేయలేనంతగా పాడైన భాగాలు, సుమారు నూట అరవై అడుగులు, తీసివేయడమైనది." డొరతీ సంతకం పెట్టింది. పిల్లలూ, నేను చేసిన మొదటి తప్పు అలవాటు వల్ల జరిగింది. ఈ వాక్యం మాత్రం తెలిసి రాశాను.

మిసెస్ పాక్

ప్రదర్శన బాగా జరిగింది. ముసలివాళ్ళు తెరకేసి వేళ్ళు చూపించుకుంటూ ఒకరికొకరు చెప్పుకున్నారు. వారం తర్వాత డెబ్బై ఎనిమిదేళ్ళ ఆవిడ ఒకరు తనే కారు డ్రైవ్ చేసుకుంటూ ఆర్కైవ్‌కు వచ్చారు. మిసెస్ పాక్. ఈ దేశంలో ముప్ఫై ఏళ్ళు ఫార్మసిస్టుగా చేసి రిటైరయ్యారు. మాట తక్కువ, తూచినట్టు మాట్లాడతారు. మేము మాట్లాడుకున్నది ఇంగ్లీషులో, గుర్తున్నంతవరకు తెలుగులో రాస్తున్నాను.

ఆవిడ తండ్రి ఇన్చోన్ రేవులో కూలీ. ఆవిడకు తొమ్మిదేళ్ళప్పుడు పోయారు. ఆయన ఫోటో ఎప్పుడూ ఎవరూ తీయలేదు. కూలీని ఎవరు తీస్తారు అన్నారావిడ. ఆయన పోయిన తేదీన, మన తద్దినం లాగానే, వాళ్ళు భోజనం పెట్టి మొక్కుతారట. ఫోటో ఉండాల్సిన చోట పేరు రాసిన కాగితం పెడుతున్నారట, ఇన్నేళ్ళుగా.

తండ్రి పిల్లలకు తరచూ చెప్పిన ముచ్చట ఒకటుంది. ఆవిడ ఇంకా పుట్టని రోజుల్లో రేవులో ఒక విదేశీయుడు మూడుకాళ్ళ పెట్టె పెట్టి పిడి తిప్పుతున్నాడట. దాని గాజుకంటిలో ఏముందో చూడాలని ఆయన బరువుతో అలాగే నిలబడిపోయాడట. మేస్త్రీ వచ్చి కర్రతో నుదుట కొట్టేదాకా కదల్లేదట. ఆ దెబ్బకు చీలిన కనుబొమ్మ మళ్ళీ కలవలేదు. అది పిల్లలకు చూపించి, ఆ పెట్టెలో నేనున్నాను అనేవాడట.

"చీలిన కనుబొమ్మతోనే నేను ఆయన్ని చూశాను," అన్నారు మిసెస్ పాక్. "ఆ దెబ్బకు ముందు మా నాన్న ముఖం ఎలా ఉండేదో చూడాలని నాకు కోరిక. అలా నిలబడి చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా మీ ఫిల్ములో?"

ఫ్రేము అంచున ఎత్తిన కర్ర నా కళ్ళముందు కనబడింది. అనుమానం ఏమీ లేదు. ఆ డ్రమ్ము అప్పటికి మూడురోజుల ముందే వెళ్ళిపోయింది.

"ఈ రీల్‌లో లేరండీ," అన్నాను.

మాట చూస్తే నిజం. నేను అతికించిన రీల్‌లో లేరు. తేలు కుట్టిన దొంగలా లోపల మంట, పైకి చిరునవ్వు. ఆవిడ నాకు థాంక్స్ చెప్పి, మరోసారి మొత్తం చూడొచ్చా అని అడిగారు.

నాలుగుసార్లు వచ్చారు. నేను మెషీన్ తిప్పుతుంటే ఒక్కో కూలీ దగ్గర ఆపించి, తెర మీద భూతద్దం పెట్టి చూశారు. ముఖాలన్నీ నేను కోసేశాను కాబట్టి ఆవిడకు మిగిలినవి వీపులు. నాలుగోసారి ఒక వీపు దగ్గర చాలాసేపు ఆగారు. ఎడమ భుజం కొంచెం కిందికి ఉంది, మా నాన్న భుజం ఇలాగే ఉండేది, ఇది ఆయనే అయ్యుండొచ్చు అన్నారు. ప్రింటు తీసి ఇమ్మన్నారు. తీసి ఇచ్చాను. తెల్ల అంచు పెట్టి, కవర్లో పెట్టి, రెండు చేతులతో ఇచ్చాను. ఆవిడా రెండు చేతులతో తీసుకున్నారు. ఆ ఏడాదినుంచి పేరు రాసిన కాగితం స్థానంలో ఎవరిదో వీపుకు వాళ్ళింట్లో భోజనం పెట్టడం మొదలైంది.

పియర్ పళ్ళు

ప్రింటు ఇచ్చిన వారమే సరళకు అంతా చెప్పాను. తను డ్యూటీనుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని విన్నది. ఓదారుస్తుందేమో అనుకున్నాను.

"మా దగ్గర పేషెంట్ చార్ట్‌లో రాంగ్ ఎంట్రీ రాస్తే లైసెన్స్ పోతుంది," అంది. "మందు తప్పు ఇచ్చామనుకోండి, వెంటనే రిపోర్ట్ చేస్తే మనిషిని కాపాడొచ్చు. తప్పు చేసినందుక్కాదు, దాచినందుకే ఎక్కువమంది పేషెంట్లు పోతారు. రేపే వెళ్ళి ఆవిడకి చెప్పేయండి."

రేపు అన్నది తొమ్మిదేళ్ళు పట్టింది. మొదట ఉద్యోగం పోతుందని భయం. నా వయసులో ఇంకెవరు ఇస్తారు? క్యూఏ కూడా ఇవ్వరు. ఆ భయం తగ్గేసరికి, ఇన్నాళ్ళయ్యాక చెప్పి పెద్దావిడ మనసు కష్టపెట్టడం ఎందుకనే దయ పుట్టుకొచ్చింది. పిరికితనానికి దయ అని పేరు పెట్టుకుంటే ఎంతకాలమైనా గడిచిపోతుంది.

ప్రతి శరదృతువులో మిసెస్ పాక్ ఆర్కైవ్‌కు నా పేరిట ఒక పెట్టె పియర్ పళ్ళు పంపేవారు. ఒక్కోటి పిల్లవాడి తలంత, కాగితంలో చుట్టి ఉండేవి. నేను ఒక్కటీ తినేవాణ్ణి కాదు. అపార్ట్‌మెంట్లలో పంచేవాణ్ణి. "అంకుల్, ఎక్కడ కొన్నారు, సూపర్‌గా ఉన్నాయి," అనేవాళ్ళు. ఫ్రెండ్ పంపారని చెప్పేవాణ్ణి.

కొత్తగా వచ్చినవాళ్ళకు నేను పని నేర్పేటప్పుడు మాత్రం చాలా కఠినంగా ఉండేవాణ్ణి. కోసిన ముక్క అంగుళం అయినా సరే డబ్బాలో పెట్టి పేరు రాయాలి, షీటు ఇంకొకరు సరిచూడాలి అనేవాణ్ణి. ఎందుకింత చాదస్తం అని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు. కారణం చెప్పి ఉంటే ఇంకా బాగా నేర్చుకునేవాళ్ళు. నేను చెప్పలేదు.

ఆవిడ ఇల్లు

వీడ్కోలు పార్టీ అయిన మర్నాడు డొరతీకి ఫోన్ చేశాను. అప్పటికే ఆమె రిటైరై బాతెల్ అనే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. అంతా విన్నది. 

"ఆ షీటు మీద నా సంతకం ఉంది," అంది. "దాన్ని సరిదిద్దమని ఆర్కైవ్‌కు నేను రాస్తాను. కానీ నువ్వు చెప్పాల్సింది నాకు కాదు."

ఆ తర్వాత ఆమె నా ఫోన్లు తీయలేదు. తీయాలని నేను ఆశించను కూడా.

ఆ శనివారం మిసెస్ పాక్ ఇంటికి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. సరళ వస్తానంది, వద్దన్నాను. మిసెస్ పాక్‌కు అప్పటికి ఎనభై ఏడేళ్ళు. వాకర్ పట్టుకుని తనే తలుపు తీశారు. రిటైరయ్యానని తెలుసు, కబుర్లు చెప్పడానికి వచ్చాననుకున్నారు. బార్లీ టీ పోశారు. గోడ మీద నేను ఇచ్చిన ఫోటో, దాని కింద చిన్న బల్ల.

కప్పు ముట్టుకోకుండా అంతా చెప్పాను. ఎన్‌జీ అంటే ఏమిటో, కోసినది, డ్రమ్ములో వేసినది, షీటులో రాసినది, ఆ రోజు ఆవిడకు చెప్పినది. ఎత్తిన కర్ర సంగతి కూడా చెప్పాను. ఆవిడ ఒక్కసారి ఫోటో వైపు చూశారు.

"అయితే ఆయన అబద్ధం చెప్పలేదు," అన్నారు. "పెట్టెలో ఉన్నాడు."

"ఉన్నారండీ."

"ఎంతసేపు?"

"ముప్ఫై సెకన్లు." ఆ కెమెరాలో అడుగు ఫిల్ము దాదాపు ఒక సెకను.

ఆవిడ గోడ గడియారం వైపు తిరిగి సెకన్ల ముల్లు చూస్తూ కూర్చున్నారు. ముల్లు సగం చుట్టు తిరిగింది. ఆ ముప్ఫై సెకన్లు నేను ఎక్కడ చూడాలో తెలియక నా చేతులు చూసుకున్నాను.

"ముఖం ఎలా ఉంది?"

నేను భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. పడుచువాడు, చురుకైన కళ్ళు, నవ్వుముఖం, ఏది చెప్పినా ఆవిడ నమ్మేవారు. ఎవరూ కాదనలేరు. ఆ ముఖాన్ని చివరగా చూసినవాణ్ణి నేనే. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"గుర్తులేదండీ," అన్నాను. "కెమెరా వైపు చూస్తున్నారన్నదే చూశాను. ముఖం చూడలేదు."

ఆవిడ లేచి, వాకర్ పట్టుకుని లోపలికి వెళ్ళి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. చూసినది చూసినట్టు రాయమన్నారు. బరువుతో నడిచివచ్చాడు, ఆగాడు, కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ముప్ఫై సెకన్లు కెమెరా వైపు చూశాడు, చివర ఒక చెయ్యి కర్ర ఎత్తింది అని రాశాను. తేదీ వేసి సంతకం పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, మందుల చీటీ చదివినట్టు ప్రతి పదం చదివారు.

"ముఖం సంగతి రాయలేదు," అని కాగితం మళ్ళీ నా ముందుకు తోశారు.

సంతకం కింద ఇంకో వాక్యం రాశాను: ముఖం నా కళ్ళముందుకు వచ్చింది, నేను చూడలేదు. ఆవిడ అదీ చదివారు. గోడ మీది ఫోటో తీసి బల్ల మీద బోర్లించి, కాగితాన్ని ఆ చోట నిలబెట్టారు. ఇక వెళ్ళండి అన్నారు. టీ అలాగే ఉంది. నేను వచ్చేశాను.